గుండె తలుపులు

గోదావరి కాలువగట్లమీద నడచినవారు లాకులను చూచియే యుందురు. ఎగువ నీటిమట్టమునకును దిగువ నీటిమట్టమునకును భేదమున్నచోట పడవలు దాటుటకై వానిని కట్టిరి. లాకునకు రెండు రెక్కల తలుపులుండును. మూతపడినప్పుడు ఆ రెక్కలు రెండును ఎగువవైపునకు మొన చేసి, ఒకదానినొకటి ఒరసికొని నిలుచును. ఎగువనీరు ఎంత బలముగా నెట్టిన అంత బిగువుగా అవి మూసికొనును. వానికి గొళ్లెముతో పనిలేదు. నీటి ఒత్తిడియే గొళ్లెము. రెక్క చివికి సందు విడిచినచో నీరు వృథాగా జారిపోవును. రెక్క బిగిసికొనిపోయి సగమే తెరచుకొన్నచో పడవ ముందునకు సాగదు. విద్యార్థులారా! ఈ సంగతిని మనస్సులో నుంచుకొన్నచో మన గుండెలోని తలుపుల కథ మీకు సులభముగా బోధపడును.

గుండె యనునది పిడికిలియంత కండరము. అది నాలుగు గదుల ఇల్లు. మీది గదులు రెండింటిని కర్ణికలనియు, క్రింది గదులు రెండింటిని జఠరికలనియు అందురు. శరీరమునుండి మరలివచ్చిన రక్తము కుడిగదులగుండా ఊపిరితిత్తులకు పోయి, ప్రాణవాయువును గ్రహించి, ఎడమగదులకు వచ్చి, అచ్చటినుండి మహాధమని ద్వారా సర్వాంగములకు ప్రవహించును. ఈ దారిలో నాలుగు తలుపులు కలవు. వానినే కవాటములందురు. కర్ణికకును జఠరికకును నడుమ కుడివైపున మూడు రెక్కల త్రిపత్ర కవాటమును, ఎడమవైపున రెండు రెక్కల ద్విపత్ర కవాటమును ఉన్నవి. ఊపిరితిత్తులకు పోవు ధమని మొదట నొకటియు, మహాధమని మొదట నొకటియు ఉన్నవి. ద్విపత్ర కవాటము క్రైస్తవ మతాచార్యులు ధరించు టోపీని పోలియుండుటచే పాశ్చాత్యులు దానికి మైట్రల్ కవాటమని పేరిడిరి.

ఈ తలుపుల రెక్కలు పలుచని పొరలు. లాకు తలుపులవలెనే ఇవియు ఒత్తిడిచేతనే తెరచుకొనును, ఒత్తిడిచేతనే మూసికొనును. రక్తమును ముందునకు పోనిచ్చుటయు, వెనుకకు రానీయకుండుటయు వాని ధర్మము. గుండె నిమిషమునకు 72 పర్యాయములు కొట్టుకొనునని లెక్కించినచో, ఒక్క దినములో ఈ తలుపులు లక్షకు పైగా తెరచుకొని మూసికొనుచున్నవి. మనము నిద్రించునప్పుడును వానికి విశ్రాంతి లేదు. ఱొమ్మున చెవి యానించినప్పుడు వినవచ్చు ‘లబ్ డబ్’ శబ్దము ఈ తలుపులు మూతపడునప్పటి చప్పుడే. 1816లో పారిస్ నగరమున లేనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి, రోగి ఱొమ్మున నానించి, ఆ చప్పుడును స్పష్టముగా వినెను. నేడు వైద్యుల మెడలో వ్రేలాడు స్టెతస్కోపునకు అదియే మూలము. తలుపులలో లోపము కలిగినచో ఈ శబ్దముల నడుమ బుసకొట్టినట్లు వేరొక ధ్వని వినవచ్చును. చెవి నేర్పరియైన వైద్యుడు దానినిబట్టియే ఏ తలుపు చెడినదో ఊహింపగలడు.

తలుపునకు రాగల చెరుపు రెండు విధములు. రెక్కలు ఒకదానికొకటి అంటుకొని దారి యిరుకగుట మొదటిది. రెక్కలు సరిగా కలిసికొనక రక్తము వెనుకకు కారుట రెండవది. కొందరిలో ఈ రెండును కూడియుండును. ఆరోగ్యవంతులైన పెద్దలలో ద్విపత్ర కవాటపు ద్వారము 4 మొదలు 6 చదరపు సెంటీమీటర్లుండును. వ్యాధి ముదిరినప్పుడు అది ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లకో, అంతకు తక్కువకో కుంచించుకొనిపోవును. అప్పుడు రక్తము ముందునకు పోజాలక వెనుకనున్న ఊపిరితిత్తులలో నిలిచిపోవును. మెట్లెక్కినచో ఆయాసము, బిందె మోసినచో ఆయాసము, వ్యాధి హెచ్చినకొలది వెల్లకిల పండుకొన్నను ఆయాసమే. కొందరు అర్ధరాత్రమున ఊపిరాడక లేచి కూర్చుందురు. పాదములు వాచును. గుండె దడదడలాడును.

ఇంతటి చెరుపునకు మూలమెక్కడ? పుట్టుకతోనే లోపము గలవారును, వృద్ధాప్యమున కవాటములు గట్టిపడినవారును కలరు. కాని మన దేశమున పిల్లలలోను యువజనులలోను కనవచ్చు కవాటవ్యాధికి ముఖ్యకారణము గొంతునొప్పి! వినుట కిది వింతగా తోచవచ్చును. స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవి గొంతులో చేరి పుండు చేయును. శరీరము దానితో పోరాడుటకై తన సైన్యమును పంపును. ఆ సూక్ష్మజీవి రూపమునకును గుండెలోని కొన్ని ధాతువుల రూపమునకును పోలిక యుండుటచేత, కొందరి శరీరములో ఆ సైన్యము భ్రమపడి తన గుండెనే శత్రువుగా భావించి గాయపరచును. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారములకు జ్వరము వచ్చును. మోకాలు, చీలమండ, మోచేయి ఒకదాని తరువాత నొకటి వాచి నొప్పిపెట్టును. దీనినే రుమాటిక్ జ్వరమందురు. ఇది విశేషముగా 5 మొదలు 15 సంవత్సరముల లోపు పిల్లలకు వచ్చును. కీళ్లవాపు కొలది దినములలో మచ్చలేకుండ పోవును. గుండె తలుపులపై పడిన మచ్చ మాత్రము నిలిచిపోవును. జ్వరము మరల మరల వచ్చినకొలది ఆ మచ్చ పెరుగును. జనసమ్మర్దముగల యిరుకు ఇండ్లలో ఈ సూక్ష్మజీవి ఒకరినుండి యొకరికి సులభముగా ప్రాకును. అందుచేతనే ఇది పేదలను ఎక్కువగా పీడించు వ్యాధియైనది.

మీ ఈడు బాలిక యొకతెకు ఇట్టి వ్యాధి కలదని ఊహింపుడు. ఆమెకు శస్త్రచికిత్స చేయవలెనని వైద్యులు నిశ్చయించిరి. కాని రేపే చేయుదుమని చెప్పలేదు. ఇంటికి పోయి, మందులు వాడుచు, పిలుపు వచ్చువరకు వేచియుండుమనిరి. తల్లిదండ్రుల గుండెలలో రాయి పడినట్లయ్యెను. “అంత జబ్బే యైనచో వెంటనే యేల చేయరాదు?” అని వారు మథనపడిరి. ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుట మనకును అవసరము.

తలుపును బాగుచేయుటకు ఎన్ని దారులు గలవో ముందుగా చూతము. ఒకప్పుడు గుండెను తాకుటయే సాహసముగా నెంచబడెను. 1923లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఎలియట్ కట్లర్ ఒక బాలిక గుండె కవాటమునకు శస్త్రచికిత్స చేసెను. 1925 మే నెలలో లండన్ నగరమున హెన్రీ సౌటర్ ఒక యువతి గుండెలోనికి తన వ్రేలిని పోనిచ్చి, యిరుకైన మైట్రల్ కవాటమును వెడల్పు చేసెను. ఆమె కోలుకొని కొన్ని సంవత్సరములు జీవించెను. ఐనను ఆ పిమ్మట అట్టి రోగిని ఏ వైద్యుడును సౌటర్ కడకు పంపలేదు. గుండె జోలికి పోరాదను నాటి నమ్మకము అంత బలమైనది. 1948 జూన్‌లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీయు, బోస్టన్‌లో డ్వైట్ హార్కెన్‌యు ఆరు దినముల వ్యవధిలో ఆ మూసిన దారిని మరల తెరచిరి. అంతకు ముందు బెయిలీ చేసిన ప్రయత్నములలో రోగులు మరణించియుండిరి. 1953లో జాన్ గిబ్బన్ నిర్మించిన యంత్రము, శస్త్రచికిత్స జరుగునంతసేపు గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని తానే చేసి రోగిని కాపాడెను. దానితో గుండెను నిలిపి, తెరచి, కన్నులార చూచి బాగుచేయుట సాధ్యమయ్యెను. 1960లో ఆల్బర్ట్ స్టార్ అను వైద్యుడును, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరును కలిసి చేసిన కృత్రిమ కవాటము రోగుల గుండెలలో అమర్పబడెను. పంజరములో బంతివలె అది కదలుచుండెను.

మన దేశమును ఈ విద్యలో వెనుకబడియుండలేదు. విదేశీ కవాటముల వెల పేదలకు అందనిది. కావున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టరు వలియత్తాన్ నాయకత్వమున ఇంజనీర్లును వైద్యులును కలిసి స్వదేశీ కవాటమును తయారుచేయబూనిరి. మొదట చేసిన మూడు నమూనాలు విఫలమైనవి. నాల్గవది నిలిచెను. 1990 డిసెంబరులో దానిని తొలిసారిగా ఒక రోగికి అమర్చిరి. లోహపు చట్రములో వాలి లేచుచుండు ప్లాస్టిక్ బిళ్ల యది. తక్కువ వెలకు లభించు ఆ కవాటము వేలకొలది కుటుంబములకు ఊపిరి పోసెను. 1980వ దశకములో జపాను వైద్యుడు కంజి ఇనౌయే మరియొక ఉపాయమును కనిపెట్టెను. తొడమూలమునందలి సిరగుండా సన్నని గొట్టమును గుండెవరకు పంపి, దాని కొననున్న బుడగను ఉబ్బించి, అంటుకొన్న రెక్కలను విడదీయుట ఆ ఉపాయము. తగిన రోగులకు దీనివలన ఱొమ్ము కోయ నవసరమే లేకపోయెను.

ఇక, “వెంటనే యేల చేయరాదు?” అను ప్రశ్నకు వత్తము. లోహపు కవాటము చిరకాలము మన్నును. కాని దానిమీద రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము మందు మ్రింగవలెను. జంతువుల ధాతువులతో చేసిన కవాటమునకు ఆ మందు చాలవరకు అక్కరలేదు. కాని అది కాలక్రమమున అరగిపోవును, చిన్నవయసువారిలో మరింత త్వరగా అరుగును. అప్పుడు మరియొక శస్త్రచికిత్స తప్పదు. కావున సొంత తలుపును బాగుచేయుటకు వీలున్నంతవరకు వైద్యులు అదియే కోరుదురు. మరీ ముందుగా చేసినచో కృత్రిమ కవాటపు భారము బాల్యముననే మీదపడును; మరీ ఆలసించినచో గుండె కండరము అలసి తిరిగి కోలుకొనదు. ఈ రెండింటి నడుమ తగిన సమయమును ఎంచుటయే వైద్యుని వివేకము. అంతేగాక శరీరములో నీరు చేరియున్నచో తీయవలెను, జ్వరమున్నచో మాన్పవలెను, పిప్పిపండ్లున్నచో బాగుచేయింపవలెను, ఆసుపత్రిలో వంతు రావలెను. వేచియుండుట యనగా వైద్యము లేకుండుట కాదు. వేచియుండుటయు వైద్యములో నొక భాగమే.

వాన కొరకు ఎదురుచూచు రైతు అరుగుమీద ఊరక కూర్చుండడు. నాగలి బాగుచేసికొనును, విత్తనము ఏరుకొనును, గట్లు సరిచేసికొనును. మన బాలికయు అట్లే చేయవలసియున్నది. ఆమెకు మూడు నాలుగు వారముల కొకసారి పెన్సిలిన్ సూది వేయించవలెను. రుమాటిక్ జ్వరము మరల రాకుండుటకిది కోట. వ్యాధి తీవ్రముగానున్న కొందరికి సూదికి బదులు మాత్రలు మేలని వైద్యులు నిర్ణయింతురు. ఆ సూది నొప్పి కలిగించును. ఒకనాడు బాలిక, “అమ్మమ్మా! నాకు ఒంట్లో బాగుగనే యున్నది గదా! ఈ నెల సూది మానివేయుదును” అనెను. అమ్మమ్మ ఆమె తల నిమిరి, “తల్లీ! గండి పడిన తరువాత పరుగెత్తువాడు రైతు కాడమ్మా. గట్టు పొడిగానున్నప్పుడే మట్టి వేయువాడు రైతు” అని బదులు చెప్పెను. బాలిక మారుమాటాడక ఆసుపత్రికి బయలుదేరెను.

ఉప్పు నీటిని పట్టి యుంచును. నీరు పెరిగినకొలది గుండెకు బరువు పెరుగును. కావున ఆమె కంచములో ఆవకాయ, అప్పడము, ఎండుచేప కనబడరాదు. తెలుగింట ఇది చిన్న నియమము కాదు! ఇంటిల్లిపాదియు కూరలో ఉప్పు తగ్గించుకొన్నచో బాలికకు తాను వేరుచేయబడితినను చింత యుండదు. ప్రతి ఉదయమును ఆమె బరువు చూచుకొని పుస్తకములో వ్రాసికొనవలెను. రెండు మూడు దినములలోనే రెండు కిలోలు పెరిగినచో అది ఒంటికి పట్టిన తిండి కాదు, చేరిన నీరు. వెంటనే వైద్యునికి తెలుపవలెను. నీరు తీయు మాత్రలను తనంత తాను పెంచుటగాని మానుటగాని కూడదు.

గుండె లయ తప్పి కొట్టుకొనువారికి కర్ణికలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము కలుగును. అందుకై వారికి రక్తము పలుచగా నుంచు మందు నిత్తురు. ఆ మందు ఎక్కువైనచో రక్తస్రావము, తక్కువైనచో గడ్డ. కావున నియమముగా రక్తపరీక్ష చేయించుకొనవలెను. తోటకూర, బచ్చలి, మునగాకు మొదలగు ఆకుకూరలలోని కె విటమిను ఈ మందునకు ఎదురు తిరుగును. ఆకుకూరలను పూర్తిగా మానవలెనని కాదు. ఒక వారము నిండుగా తిని, మరియొక వారము ముట్టకుండుట తగదు. ఎల్లప్పుడును ఒకే పాళముగా తినవలెను. వైద్యుని అడుగకుండ అంగడిలో నొప్పిమాత్రలు కొని మ్రింగుట ప్రమాదము.

దంతధావనమునకును గుండెకును సంబంధమేమని మీరడుగవచ్చును. చిగుళ్లలోని సూక్ష్మజీవులు రక్తములో చేరి, చెడిన కవాటములపై గూడు కట్టుకొనగలవు. అది ప్రాణాపాయకరమైన జబ్బు. కావున ఉదయమును రాత్రియు పండ్లు తోముకొనవలెను. దంతవైద్యుని కడకు పోయినప్పుడు తన గుండెజబ్బు సంగతి ముందే చెప్పవలెను. కారణము తెలియని జ్వరము కొన్నాళ్లు విడువకున్నచో దాచిపెట్టరాదు.

అన్నిటికంటె కష్టమైనది మనస్సును నిలుపుకొనుట. ఆటస్థలములో తోడివారు పరుగెత్తుచుండగా తాను చెట్టునీడను కూర్చుండవలసివచ్చును. పండుకొనునప్పుడు రెండు మూడు దిండ్లు కావలసివచ్చును. ఆయాసమును దాచి, “నాకేమియు లేదు” అని చెప్పవలెనను కోరిక కలుగును. దాచిన ఆయాసము దాచిన అప్పువంటిది, వడ్డీతో పెరుగును. నిన్న ఎక్కగలిగిన మెట్లు నేడు ఎక్కలేకపోయినచో, రాత్రి ఊపిరాడక లేచినచో, స్పృహ తప్పినచో, కఫములో రక్తము పడినచో, ముఖము గాని చేయి గాని వంకరపోయినచో, ఒక్క గడియయు ఆలసింపక ఆసుపత్రికి చేరవలెను. వేచియుండుమని చెప్పిన మాట అట్టి వేళకు వర్తింపదు.

ఆమె తోడి విద్యార్థుల ధర్మమేమి? ఆమె పుస్తకముల సంచి మోసినచో అది దయ కాదు, స్నేహము. ఆటలో ఆమెకు లెక్క వ్రాయు పనియో, తీర్పు చెప్పు పనియో యిచ్చినచో ఆమెయు ఆటలో నున్నట్లే. ఈ జబ్బు కూర్చున్నంత మాత్రమున అంటునది కాదు. “గుండెజబ్బు పిల్ల” యని పేరు పెట్టుట, ఆమె భవిష్యత్తును గూర్చి ఆమె యెదుటనే పెద్దలు నిట్టూర్చుట గాయముమీద కారము చల్లుట వంటివి. వైద్యుల సలహాతో చదువుకొని, ఉద్యోగములు చేయుచు, సంసారములు నడపుచున్న కవాటరోగులు ఎందరో కలరు. చికిత్సకు డబ్బు లేదని దిగులుపడు కుటుంబములకై ప్రభుత్వ సహాయమును కలదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద పేదలకు గుండె శస్త్రచికిత్సలు ఉచితముగా జరిగినవి. ఇట్టి సంగతి తెలియని పొరుగువారికి తెలియజెప్పుటయు చదువుకొన్నవారి పనియే.

శస్త్రచికిత్సతో అంతయు ముగియునని తలపరాదు. కొత్త తలుపు వచ్చినను రుమాటిక్ జ్వరమును ఆపు మందు ఆగదు, పరీక్షలును ఆగవు. వేచియున్న దినములలో అలవడిన క్రమశిక్షణయే తరువాతి జీవితమునకు ఊతకఱ్ఱ యగును.

తుదకు మీకొక మాట. ప్రతి గొంతునొప్పియు గుండెకు పోదు. ఎక్కువభాగము తానే మానును. కాని జ్వరముతో కూడి, మ్రింగుటకు కష్టమైన గొంతునొప్పి వచ్చినప్పుడు మిరియాల కషాయముతోనే సరిపెట్టుకొనక వైద్యునికి చూపింపవలెను. ఆయన మందిచ్చినచో, నొప్పి తగ్గినదని నడుమ మానక చెప్పిన దినములన్నియు వాడవలెను. కీళ్లు వాచి జ్వరము వచ్చినచో, “ఎదిగే పిల్లలకు నొప్పులు సహజమే” అని కొట్టివేయరాదు. కోట్ల రూపాయల యంత్రములతో తెరచి బాగుచేయవలసిన తలుపును, సకాలమున వాడిన కొద్దిపాటి మందు కాపాడగలదు. లాకు తలుపునకు చెద పట్టకమునుపే తారు పూయువాడు తెలివిగలవాడు. చెద పట్టిన పిమ్మటను, మేస్త్రీ వచ్చువరకు ఓపికతో నీటిని అదుపులో నుంచువాడు ధైర్యవంతుడు. మొదటి పని మన అందరిది. రెండవ పని చేయుచున్నవారికి అండగా నిలుచుటయు మనదే.

ప్రశ్నలు

1. లాకు తలుపులకును గుండె కవాటములకును గల పోలికలను వివరింపుము.
2. గొంతునొప్పి గుండెజబ్బునకు ఎట్లు దారితీయును?
3. కవాటమునకు శస్త్రచికిత్స చేయుటకు తగిన సమయమును ఎంచుట ఏల కష్టము?
4. “గట్టు పొడిగానున్నప్పుడే మట్టి వేయువాడు రైతు” – ఈ మాటను అమ్మమ్మ ఎప్పుడు, ఏల చెప్పెను?
5. శస్త్రచికిత్సకై వేచియున్న విద్యార్థి మీ తరగతిలో నున్నచో మీరేమి చేయుదురు?